జెన్నే మట్టి మసీదు: తూములు మూసుకుంటే చాలు

పశ్చిమాఫ్రికా దేశం మాలిలోని జెన్నే పట్టణం 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 2016లో దాన్ని ప్రమాదంలో ఉన్నవాటి జాబితాకెక్కించారు. ముప్పు ఎటు నుంచో అక్కడి పెద్ద మసీదు చరిత్రే చెబుతుంది.

13వ శతాబ్దంలో ఇస్లాం స్వీకరించిన పాలకుడు కోయ్ కోన్‌బోరో తన భవనాన్నే మసీదుగా మార్చాడని స్థానిక చరిత్ర. 19వ శతాబ్దం మొదట్లో పట్టణాన్ని గెలిచిన సెకూ అమడూకు అది ఆడంబరంగా తోచింది. కూల్చలేదు, కప్పు మీది నీళ్లు పోయే తూములు మూయించాడంటారు. మిగతాది వానలు చూసుకున్నాయి. 1828లో ఫ్రెంచ్ యాత్రికుడు రెనే కాయే వచ్చేసరికే అది పాడుబడి ఉంది.

ఇప్పటి కట్టడం 1907 నాటిది. మేస్త్రీల సంఘం పెద్ద ఇస్మాయిలా త్రావొరే ఆధ్వర్యంలో లేచింది. బానీ నది వరద తగలకుండా 3 మీటర్ల ఎత్తు అరుగు మీద కట్టారు. గోడలది ఎండిన మట్టి ఇటుక. గోడల్లోంచి పొడుచుకొచ్చిన తాటి దూలాలు అలంకారమనిపిస్తాయి గానీ, మేస్త్రీలకు అవే శాశ్వతమైన పరంజా.

ఏటా వానలకు ముందు పూత పండుగ. అంతకు కొన్ని రోజుల ముందే గుంటల్లో అడుసూ ఊకా కలిపి నానబెడతారు. పిల్లలు దిగి ఆడుతూ తొక్కుతారు. ఊక లేకపోతే ఎండాక పూత బీటలు వారుతుంది. ఆ రోజు ఆడవాళ్లు నీళ్లు మోస్తారు, కుర్రాళ్లు బుట్టలతో పరుగెత్తుతారు, మేస్త్రీలు దూలాలెక్కి చేత్తోనే పూస్తారు. అయితే ఏడాదికో పొర పడుతుంటే బరువూ పెరుగుతుంది. 2009 నవంబరులో ఒక్క రోజులో 75 మిల్లీమీటర్ల వాన పడి దక్షిణ గోపురం పైభాగం కూలింది. ఆగాఖాన్ ట్రస్ట్ సాయంతో మళ్లీ కట్టారు.

చూడాలనుకునేవారు బయటి నుంచే చూడాలి. 1996లో ఒక ఫ్యాషన్ పత్రిక లోపల ఫొటోలు తీశాక ముస్లిమేతరులకు ప్రవేశం ఆపేశారు. సోమవారం సంత మసీదు ముందే జరుగుతుంది, పట్టణం అప్పుడే నిండుగా ఉంటుంది. కానీ 2012 నుంచి సాగుతున్న హింసతో చాలా దేశాలు మాలికి వెళ్లొద్దంటున్నాయి. యాత్రికులతో పాటు వాళ్ల డబ్బూ ఆగింది.

మసీదు కంటే నాకు ఎక్కువ బెంగ చుట్టూ ఉన్న దాదాపు 2,000 పాత ఇళ్ల గురించి. మసీదుకు ఊరంతా వస్తుంది. ఇంటికి మేస్త్రీ కూలీ, ఊక ఖర్చు యజమానే పెట్టుకోవాలి. స్తోమత లేనివాళ్లు పూత వాయిదా వేస్తారు, ఉన్నవాళ్లు కొందరు గోడలకు కాల్చిన మట్టి పలకలు అతికిస్తారు. పలకల వెనక చెమ్మ చేరితే లోపలి మట్టి గోడ ఎప్పుడు మెత్తబడిందో పైకి తెలియదు.