అలారం మోగితే పడవెక్కడమేనా? క్రూయిజ్ షిప్పుల్లో మంటలు: అపోహలు, వాస్తవాలు

సేఫ్టీ డ్రిల్ అవగానే ప్రయాణికులు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఇదే: "నిప్పంటుకుంటే మా పడవ ఎంతసేపట్లో దిగుతుంది?" అడగడంలో తప్పేం లేదు. చుట్టూ నీళ్లు, కింద ఇంజిన్లు, పారిపోదామంటే దారి లేదు. భయపడని వాళ్లుంటే వాళ్లకే ఏదో తేడా ఉందనుకోవాలి. కాకపోతే ఆ ప్రశ్న వెనక ఒక ఊహ ఉంది, అన్ని అపోహల్లోనూ ఎక్కువ నష్టం చేసేది అదే. దాన్ని తీరిగ్గా చూద్దాం, మిగతావి గబగబా కానిచ్చేద్దాం.

అపోహ: ఎమర్జెన్సీ సిగ్నల్ మోగిందంటే ఓడ వదిలేస్తున్నట్టే

ఏడు పొట్టి కూతలు, వెంటనే ఒక పొడుగు కూత. పొట్టివి ఏడుకి మించి ఉండొచ్చు, తగ్గవు. అది మోగితే మీ మస్టర్ స్టేషన్‌కి, అంటే మీకు కేటాయించిన చోట గుమిగూడడానికి రమ్మని, అంతే. ఓడ వదలమనే మాట వేరు. అది కెప్టెన్ నోటితో విడిగా చెప్పాలి, ఏ అలారమూ దానికదే ఆ మాట చెప్పదు.

మరి మస్టర్ దేనికి? లెక్కకి. మీరు స్టేషన్‌కి రాగానే కార్డు స్కాన్ చేస్తారు, లేదా జాబితాలో టిక్కు పెడతారు. ప్రతి స్టేషన్ నుంచి లెక్క బ్రిడ్జికి, అంటే ఓడని నడిపే గదికి వెళ్తుంది. రానివాళ్ల పేర్లు, కేబిన్ నంబర్లు ఒక జాబితాగా తేలతాయి. అప్పుడు ఆ కేబిన్లకి మనుషుల్ని పంపాలి. మంట ఆ చుట్టుపక్కలే ఉంటే వెళ్లేవాళ్లు వీపున గాలి సిలిండర్ కట్టుకుని, ముఖానికి మాస్కు పెట్టుకుని, జంటగా వెళ్లాలి. నిబంధన ప్రకారం ఆ సిలిండర్లో కనీసం 1200 లీటర్ల గాలి ఉండాలి, లేదా సెట్టు కనీసం 30 నిమిషాలు పనిచేయాలి. ఆ 30 నిమిషాలు కాగితం మీద లెక్క. మెట్లెక్కుతూ, హోస్ లాగుతూ, భయంతో ఊపిరి పీలుస్తుంటే అంతసేపు రాదు. ఇప్పుడు ఊహించుకోండి. మీరు స్టేషన్‌కి పోకుండా పై డెక్కు మీద చల్లగాలికి నిలబడి పొగని ఫోన్లో వీడియో తీస్తున్నారు. కింద మీ కేబిన్ ఉన్న కారిడార్లో ఇద్దరు ఒక చెయ్యి గోడకి ఆనించి, తడుముకుంటూ, తలుపు తలుపూ తట్టుకుంటూ మీకోసం వెతుకుతున్నారు. మంట మీద పనిచేయాల్సిన మనుషులు వాళ్లు.

క్రూ, అంటే ఓడ సిబ్బంది లెక్కకి బరువు ఇంకా ఎక్కువ. ఇంజిన్ రూమ్ మంటలకి ఆఖరి ఆయుధం సాధారణంగా కార్బన్ డయాక్సైడ్. మామూలుగా ఈ సిస్టం రెండు నిమిషాల్లో 85 శాతం గ్యాస్ వదిలేలా కట్టి ఉంటుంది. లోపల మనిషి ఉంటే బతకడు. అందుకని ముందు అందరూ బయటికి వచ్చారని లెక్క తేలాలి, తర్వాత ఫ్యాన్లు ఆపాలి, గాలి గొట్టాల మూతలైన డ్యాంపర్లు మూయాలి, ఇంధనం వాల్వులు బయటి నుంచే కట్టేయాలి, అప్పుడే గ్యాస్. ఒక్క పేరు తేలకపోయినా హ్యాండిల్ మీద చెయ్యి ఆగిపోతుంది. ఆ ఆగిన నిమిషాలన్నీ మంటకే.

ఇక పడవల సంగతి. అందరూ లైఫ్ జాకెట్లు వేసుకుని స్టేషన్లలో ఉన్నాక, వదలమనే ఆజ్ఞ వచ్చిన దగ్గర్నుంచి 30 నిమిషాల్లో అన్ని పడవలూ నీళ్లలోకి దిగగలగాలని సోలాస్ అనే అంతర్జాతీయ ఓడ భద్రతా ఒప్పందం నియమం. అంటే ఆ సామర్థ్యం ఉంది, వాడాలన్న తొందరే లేదు. రాత్రిపూట, అలల మధ్య, వృద్ధుల్నీ పిల్లల్నీ ఎక్కించిన లైఫ్‌బోటుని అన్నేసి అంతస్తుల ఎత్తు నుంచి దించడమే ఒక ప్రమాదం. ఓడలో ఒక మూల మంట ఉన్నంత మాత్రాన, భద్రంగా ఉన్న మిగతా భాగాన్ని వదిలేసి అందులోకి దిగం.

ఆ మిగతా భాగం ఎందుకు భద్రమంటే, ఓడని ముందు నుంచి వెనక్కి నిలువు గదుల్లా కోసి కడతారు. ఒక్కో మెయిన్ వర్టికల్ జోన్ పొడవు మామూలుగా 40 మీటర్లకి మించదు, కొన్ని షరతులతో 48 దాకా ఒప్పుకుంటారు. జోన్ల మధ్య ఉక్కు గోడలు. ఏ-60 రకం గోడ అయితే గంటసేపు అటు మంట మండుతున్నా ఇటు సగటు వేడి 140 డిగ్రీలకి మించి పెరగకూడదు. కారిడార్లలో గోడకి అతుక్కుపోయినట్టు కనిపించే బరువైన తలుపులు ఆ గోడల్లో భాగమే. అయస్కాంతం వాటిని తెరిచి పట్టుకుంటుంది, బ్రిడ్జి నుంచి మీట నొక్కితే అన్నీ మూసుకుంటాయి. అవి మూసుకుంటే "మమ్మల్ని లోపల పెట్టి తాళం వేశారు" అని అరిచేవాళ్లు ఉంటారు. తాళం ఉండదు. తోస్తే తెరుచుకుంటుంది, వదిలితే మళ్లీ మూసుకుంటుంది. మీరు దాటాక దానికి చెప్పో సూట్‌కేసో అడ్డం పెట్టకండి, చాలు.

2013 మే 27 తెల్లవారుజామున గ్రాండ్యూర్ ఆఫ్ ద సీస్ అనే క్రూయిజ్ షిప్పు వెనక భాగంలో, తాళ్లు కట్టే డెక్కు మీద మంట లేచింది. ప్రయాణికుల్ని మస్టర్ చేశారు. కొన్ని గంటలు లైఫ్ జాకెట్లతో కూర్చోబెట్టారు. ఒక్క పడవా దిగలేదు. ఓడ సొంత ఇంజిన్లతోనే బహమాస్‌లోని ఫ్రీపోర్ట్ చేరింది, ఎవరూ చనిపోలేదు. విసుగ్గా కూర్చున్న ఆ గంటలే పద్ధతి పనిచేసిన గుర్తు.

ఓడ నిజంగానే దక్కకపోతే? అలాంటివీ జరిగాయి. 1980 అక్టోబర్‌లో అలాస్కా తీరంలో ప్రిన్సెండమ్, 1999 మేలో మలక్కా జలసంధిలో సన్ విస్టా. రెండూ ఇంజిన్ రూమ్ మంటలే, రెండూ మునిగిపోయాయి. రెంటిలోనూ అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. పడవలెక్కడానికి కావాల్సిన టైము దొరికింది.

ఇందులోనే ఇంకో రెండు ముక్కలు. పిల్లలు కిడ్స్ క్లబ్‌లో ఉంటే తల్లిదండ్రులు అటు పరుగెత్తుతారు. ఎవరైనా అదే చేస్తారు, తప్పుపట్టడానికి నోరు రాదు. కానీ చాలా ఓడల్లో పిల్లల చేతికి కట్టే బ్యాండు మీద మీ స్టేషన్ అక్షరం ఉంటుంది. సిబ్బందే వాళ్లని ఆ స్టేషన్‌కి తెస్తారు. మీరు అటు, వాళ్లు ఇటు అయితే జనం దిగుతున్న మెట్ల మీద మీరొక్కరే ఎదురెక్కుతూ ఉంటారు, స్టేషన్లో మీ పాప మీకోసం ఏడుస్తూ ఉంటుంది. మీ ఓడలో పద్ధతి ఏమిటో మొదటి రోజే క్లబ్ వాళ్లని అడగండి.

రెండోది లైఫ్ జాకెట్. కొన్ని ఓడల్లో అవి కేబిన్లో ఉంటాయి, కొన్నింటిలో స్టేషన్లోనే ఇస్తారు. ఎలాగైనా ప్రయాణికుల సంఖ్యకి మించి అదనంగా ఉంటాయి. దానికోసం పొగలోకి వెనక్కి వెళ్లనక్కర్లేదు. కేబిన్లోనే ఉంటే మాత్రం జాకెట్, వెచ్చని బట్టలు, బూట్లు, రోజూ వేసుకునే మందులు తీసుకోండి. పాస్‌పోర్టు వెతుకుతూ సొరుగులు లాగకండి.

మెట్లు దిగలేని వాళ్లు, వినికిడి తక్కువ వాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. ప్రత్యేక సాయం కావాలని చెప్పినవాళ్ల వివరాలు ఓడ కదలకముందే కెప్టెన్‌కి చేరాలన్నది నియమం. మొహమాటపడి చెప్పకపోతే మీకోసం కేటాయించే మనిషే ఉండడు.

అపోహ: మంట కనపడనంతవరకు ఫర్వాలేదు

ఓస్లో నుంచి బయలుదేరిన స్కాండినేవియన్ స్టార్ అనే ఓడలో 1990 ఏప్రిల్ 7న ఎవరో నిప్పు పెట్టారు. 159 మంది పోయారు. ఎక్కువమందిని చంపింది పొగ. కారిడార్ గోడల మీది లామినేట్ మండి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్ వదిలింది. క్రూ ఓడకి కొత్త, డ్రిల్ సరిగా జరగలేదు. ఆ తర్వాతే ప్రయాణికుల ఓడల్లో స్ప్రింక్లర్లు, పొగ డిటెక్టర్లు, నేల దగ్గర మెరిసే దారి గీతలు తప్పనిసరి అవుతూ వచ్చాయి.

ఆ గీతలు 30 సెంటీమీటర్ల ఎత్తు లోపలే ఎందుకు ఉంటాయంటే, పొగ పైనుంచి కిందికి నిండుతుంది. సీలింగ్ దగ్గర ఉండే ఎగ్జిట్ బోర్డు మొదట మాయమవుతుంది. వంగి, అవసరమైతే పాకుతూ, గీత పట్టుకుని పోవాలి. కేబిన్లోకి వచ్చిన మొదటి రోజే మీ తలుపు నుంచి మెట్ల దాకా ఎన్ని తలుపులున్నాయో రెండు వైపులా లెక్కపెట్టుకోండి. రెండు నిమిషాల పని.

కేబిన్ తలుపు తెరిచే ముందు అరచేతి వెనక వైపు ఆనించి చూడండి. చల్లగా ఉంటే ఓరగా తెరిచి కారిడార్ చూడండి. వేడిగా ఉన్నా, తెరిస్తే నల్లటి పొగ కనపడినా మూసేయండి. తడి తువ్వాలు తలుపు కింద సందులో కుక్కి, ఫోన్‌లో ఎమర్జెన్సీ నంబర్‌కి చేసి కేబిన్ నంబర్ చెప్పండి. కేబిన్ తలుపులు సాధారణంగా బి తరగతివి, పరీక్షలో అరగంట మంటని ఆపినవి. బయటికి వెళ్తే మాత్రం తలుపు మూసే వెళ్లండి. మంట బయలుదేరింది మీ గదిలోనే అయితే, తెరిచి ఉంచిన తలుపులోంచి అది మొత్తం కారిడార్‌ని మింగేస్తుంది.

అపోహ: చుట్టూ సముద్రమే, నీళ్లకేం కొదవ

కొదవ లేదు, అదే సమస్య. 16 మిల్లీమీటర్ల నాజిల్ 4 బార్ ఒత్తిడితో గంటకి సుమారు 20 టన్నుల నీళ్లు పోస్తుంది. రెండు హోస్‌లు రెండు గంటలు పట్టుకుంటే 80 టన్నులు. అవి కింద ఎక్కడో ట్యాంకులో కాదు, పై డెక్కుల్లో, కార్పెట్ల మీద, ఓడ ఒరిగిన వైపే జారే నీళ్లు. పళ్లెంలో నీళ్లు పోసి అటూ ఇటూ కదిపి చూడండి, అర్థమవుతుంది. 1942 ఫిబ్రవరిలో న్యూయార్క్ రేవులో కట్టేసి ఉన్న నార్మండీ అనే పెద్ద ఓడని పడగొట్టింది మంట కాదు, మంటలార్పడానికి పోసిన నీళ్లు. అందుకే హోస్ తెరిచేవాడితో పాటు ఓడ ఒరుగు చూసేవాడు, నీళ్లు పోయే దారులు మూసుకుపోకుండా చూసేవాడు కూడా ఉండాలి. ఇప్పటి ఓడల్లో వాటర్ మిస్ట్‌కి ఇంత గిరాకీ ఉండడానికి ఇదొక కారణం. తక్కువ నీళ్లు, సన్నటి బిందువులు, వేడి త్వరగా లాగేస్తాయి.

గ్యాస్ విషయంలోనూ తొందరే కొంప ముంచుతుంది. కార్బన్ డయాక్సైడ్ ఆక్సిజన్‌ని తగ్గిస్తుంది గానీ ఇనుముని చల్లార్చదు. తలుపు ముందే తెరిస్తే వేడి ఇనుము మీద ఇంధనం మళ్లీ అంటుకుంటుంది. 2010 నవంబర్ 8న కార్నివాల్ స్ప్లెండర్‌లో జనరేటర్ ఇంజిన్ పగిలి మంట లేచింది. బ్రిడ్జిలో ఎవరో ఫైర్ అలారం ప్యానెల్‌ని రీసెట్ చేయడంతో వాటర్ మిస్ట్ రావడం దాదాపు 15 నిమిషాలు ఆలస్యమైంది. కార్బన్ డయాక్సైడ్ సిస్టం సరిగా పనిచేయలేదు. పూర్తిగా ఆరకముందే లోపలికి గాలి వదిలితే మంట మళ్లీ లేచింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఓడని మాత్రం శాన్ డియాగో దాకా లాక్కెళ్లాల్సి వచ్చింది.

మిగతావి, వేగంగా

ఒక్కచోట పొగ వస్తే ఓడంతా స్ప్రింక్లర్లు కురుస్తాయన్నది సినిమాల పుణ్యం. ప్రతి హెడ్‌లో ఒక గాజు బల్బు ఉంటుంది, కేబిన్లలో 68 నుంచి 79 డిగ్రీల మధ్య పగిలేలా పెడతారు. ఏది వేడెక్కితే అదే తెరుచుకుంటుంది. వేడి షవర్ ఆవిరికి డిటెక్టర్ అరవచ్చు గానీ నీళ్లు రావు. బట్టల హ్యాంగర్ తగిలించి ఆ బల్బు పగలగొడితే మాత్రం మీ సూట్‌కేసుతో సహా అన్నీ తడుస్తాయి.

స్పీకర్లో "బ్రావో, బ్రావో, బ్రావో" అని వినపడితే నిజం దాస్తున్నారని గుంపుల్లో ప్రచారం. చాలా కంపెనీల్లో అది ఫైర్ టీంకి పిలుపు, పదం కంపెనీని బట్టి మారుతుంది. అప్పుడే మూడు వేలమందిని మెట్ల మీదికి తోలితే హోస్ పట్టుకున్నవాడు ఎటునుంచి ఎక్కాలి? మీ పని, అడ్డం లేకుండా ఉండి తర్వాతి మాట వినడం.

లిఫ్టు వద్దు. ఇది అందరికీ తెలుసు, అయినా ఎక్కుతారు. కరెంటు పోతే ఎమర్జెన్సీ జనరేటర్ 45 సెకన్లలో అందుకుంటుంది కానీ అది లైట్లకీ పంపులకీ పనిచేయాలి, మధ్యలో ఆగిన లిఫ్టులో మీరున్న సంగతి దానికి తెలీదు.

బాల్కనీలో సిగరెట్ సముద్రంలోకే పడుతుందనుకోవడం: 2006 మార్చి 23న స్టార్ ప్రిన్సెస్ అనే ఓడలో మంటకి కారణం బాల్కనీలో పడిన సిగరెట్టేనని దర్యాప్తు అంచనా వేసింది. గాలి దాన్ని తిరిగి ఓడ మీదికే విసురుతుంది. ప్లాస్టిక్ పార్టిషన్లు అంటుకుని పక్క బాల్కనీలకీ పై డెక్కులకీ పాకింది, పొగతో ఒకరు చనిపోయారు. బాల్కనీల్లో అప్పటికి డిటెక్టర్లు, స్ప్రింక్లర్లు లేవు. 2008 జులై నుంచి నిబంధనలు మారాయి.

సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు ఎందుకు లాక్కుంటారని గొడవపడే వాళ్లకి: ఓడల్లో చాలాచోట్ల కరెంటు ఇంట్లోలాగా ఉండదు. రెండు వైర్లలోనూ కరెంటు ఉంటుంది, ఏదీ ఎర్త్‌కి కట్టి ఉండదు. ఇంట్లో వాడే సర్జ్ ప్రొటెక్టర్ చాలావరకు ఒక్క వైరునే తెంపుతుంది. ఎర్త్ ఫాల్ట్ వస్తే, అంటే కరెంటు దారి తప్పి ఓడ లోహంలోకి పోతే, అది తెంపాల్సిన చోట తెంపక వేడెక్కి కరిగిపోవచ్చు. ప్యాకెట్ మీద సర్జ్ అన్న మాట ఉంటే ఇంట్లోనే వదిలేయండి. నాలుగు పోర్టుల మామూలు యూఎస్‌బీ ఛార్జర్ అయితే సాధారణంగా ఎవరూ అడ్డు చెప్పరు.