బండి లాగేముందు టేపు పట్టండి

చి. బాబీ, చిన్నీలకు తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

గుంటూరు షెడ్డులో ఉన్న అంబాసిడర్‌ను విజయవాడ ఆటోనగర్‌కు లాక్కొస్తామన్నారు. సంతోషం. తాడు మాత్రం వద్దు. మంగళగిరి మీదుగా హైవే అంతా లారీలే. ముందు బండి బ్రేకు కొడితే వెనకదాన్ని తాడు ఆపదు. బండిని మొత్తం పైకెక్కించే ప్లాట్‌ఫారం లారీ దొరికితే అసలు అలైన్‌మెంట్ గొడవే లేదు, అంటే చక్రాలు తిన్నగా ఉన్నాయా లేదా అన్న గొడవ. ముందు చక్రాలు ఎత్తి లాగినా దాదాపు అంతే, కాకపోతే అంబాసిడర్‌ది వెనక చక్రాల డ్రైవ్ గనక గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్టు విప్పించడం మేలు. ఇనప బారు కట్టి నాలుగు చక్రాల మీద లాగేట్టయితేనే ఈ ఉత్తరం మీకు పనికొస్తుంది.

ముందు చక్రాలు రెండూ ముందువైపు ఒక్క పిసరు దగ్గరగా ఉండాలి. దాన్నే టో ఇన్ అంటారు. ఇలాంటి పాత బళ్లకు రెండు మూడు మిల్లీమీటర్లు మామూలు. అసలు లెక్క బండి మాన్యువల్‌లో చూడండి. చక్రాలు బయటికి తెరుచుకుంటే బండి అటూ ఇటూ కొట్టుకుపోతుంది, టైర్లు రోడ్డును గీరుకుంటూ అరిగిపోతాయి.

కొలిచేముందు ముందు భాగం జాకీ మీద ఎత్తి, కింద స్టాండ్లు పెట్టి, చక్రాన్ని పట్టుకుని ఊపండి. బేరింగులోనో, స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ ఎండులోనో వదులు ఆట ఉంటే కొలత దండగ, ముందు దాని సంగతి చూడాలి. రెండు టైర్లలో గాలి సమానంగా పట్టించండి.

ఇక చదునైన నేల మీద స్టీరింగ్ తిన్నగా పెట్టి, బండిని కాస్త ముందుకు తోయండి. జాకీ దించగానే చక్రాలు బిగుసుకుని ఉంటాయి, నాలుగడుగులు దొర్లితేనే కుదురుకుంటాయి. ఒక్కో టైరుకు ముందువైపు ఇరుసు ఎత్తులో, నడిమధ్యన సుద్దతో చుక్క పెట్టండి. మేస్త్రి తూకం గుండు వేలాడదీసి ఆ చుక్కల్ని నేల మీదికి దించి, మధ్య దూరం టేపుతో కొలవండి. తర్వాత చక్రం సగం చుట్టు తిరిగేలా, అంటే సుమారు మీటరు, ముందుకే తోయండి. అవే చుక్కలు వెనకవైపు అదే ఎత్తుకు వస్తాయి. మళ్లీ కొలవండి. అవే చుక్కలు ఎందుకంటే, రిమ్ము వంకర ఉన్నా లెక్కలోకి రాదు. ముందు 134.7 సెంటీమీటర్లు, వెనక 135 వస్తే టో ఇన్ 3 మిల్లీమీటర్లన్నమాట.

తేడా ఉంటే టై రాడ్లు కదలకుండా బిగించి ఉంచే చెక్ నట్లు వదులు చేయండి. రబ్బరు బూటు క్లిప్పు కూడా వదలండి, లేకపోతే మెలిపడి చిరుగుతుంది. రాడ్లను రెండువైపులా సమానంగా తిప్పాలి. ఒక్కవైపే తిప్పితే కొలత కుదిరినా స్టీరింగ్ చక్రం వంకరగా నిలుస్తుంది. ఎటు తిప్పాలో బుర్ర బద్దలుకొట్టుకోవద్దు, పావు చుట్టు తిప్పి కొలిస్తే తెలిసిపోతుంది. ప్రతిసారీ బండిని దొర్లించాకే కొలవాలి. నేనైతే నట్లు బిగించాక కూడా ఇంకోసారి కొలుస్తాను, బిగించేటప్పుడు రాడ్ కదులుతుంది మరి.

కేంబర్, కేస్టర్ అనే చక్రాల వాలు కోణాలు టేపుకు అందవు. అవి ఆటోనగర్‌లో మిషన్ మీద చూపిద్దాం. లాగేటప్పుడు స్టీరింగ్ లాక్ ఉంటే అది పడకుండా తాళం తిప్పే ఉంచండి, స్టీరింగ్ దగ్గర లైసెన్సు ఉన్న పెద్దవాళ్లనే కూర్చోబెట్టండి. ఎండ ముదరకముందే బయల్దేరండి.

మీ తాతయ్య