అపోహలు - వాస్తవాలు: ఫుట్‌బాల్ కాంట్రాక్టులో రాసిన అంకె, చేతికొచ్చే డబ్బు

నేను డాలస్ పక్కన ట్యాక్స్ ప్రాక్టీసు చేస్తాను. క్లయింట్లలో ఎక్కువమంది మనవాళ్లే, ఐటీ ఉద్యోగులు. వాళ్లు కాక ఎన్ఎఫ్ఎల్‌లో, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగులో, డిఫెన్స్ (ఎదుటి టీమ్‌ని ఆపే పక్షం) ఆడేవాళ్లు కొందరున్నారు. పోస్టర్ల మీద కనిపించే స్టార్లు కారు. ఐదో కార్నర్‌బ్యాక్, ఆరో లైన్‌బ్యాకర్ లాంటి వెనక వరస వాళ్లు (రెండూ డిఫెన్స్‌లో స్థానాల పేర్లు). ఈ ఏడు ఒక టీమ్, పై ఏడు ఇంకో టీమ్, మధ్యలో కొన్ని వారాలు ఇంటిపట్టున.

ఆగస్టు చివరి వారం వచ్చిందంటే నాకు రెండు రకాల ఫోన్లు. ఒకటి మన స్నేహితులది: "మీవాడికి రెండేళ్లకి పదహారు లక్షల డాలర్లట కదా, ఇంకేం కావాలి?" రెండోది ఆ 'మీవాడి' ఇంటి నుంచి. టీమ్ వాణ్ని తీసేశాక తల్లో, భార్యో చేస్తారు. "కాంట్రాక్టు ఇంకా ఏడాదికి పైగా ఉంది కదా, మిగతా డబ్బు ఎప్పుడు వేస్తారు?" మొదటి ఫోన్‌కి విసుగొస్తుంది. రెండోదానికి కడుపు తరుక్కుపోతుంది. రెండింటి వెనకా ఉన్నది ఒకే అపోహ.

అపోహ: కాంట్రాక్టులో ఎంత రాస్తే అంత వస్తుంది.

రాదు. బాస్కెట్‌బాల్, బేస్‌బాల్ పెద్ద లీగుల్లో కాంట్రాక్టు సొమ్ము మామూలుగా పూర్తి గ్యారంటీ. అదే లెక్క ఇక్కడా వేసుకుంటారు. ఫుట్‌బాల్‌లో 'గ్యారంటీ' అని విడిగా రాసిన భాగానికే గ్యారంటీ ఉంటుంది. మిగతాదంతా టీమ్ మిమ్మల్ని ఉంచుకుంటేనే. కనీస జీతం మీద సంతకం పెట్టే డిఫెన్స్ ఆటగాడికి ఆ గ్యారంటీ భాగం చాలాసార్లు చిన్న సైనింగ్ బోనస్‌తోనే (సంతకం పెట్టినందుకు ఇచ్చే సొమ్ము) అయిపోతుంది.

జీతం వారం లెక్కన నడుస్తుంది. 2024లో కొత్త ఆటగాడి కనీస జీతం 7,95,000 డాలర్లు. సీజన్ 18 వారాలు, అంటే వారానికి 44 వేల చిల్లర. మూడు వారాలు ఉంచుకుని తీసేస్తే చేతికొచ్చేది 1,32,500, అదీ పన్నుకి ముందు. సీజన్ మొదలవకముందే, శిక్షణ క్యాంప్‌లో తీసేస్తే ఆ 7,95,000లో ఒక్క డాలరు కూడా రాదు, క్యాంప్ రోజులకి ఇచ్చే వారపు భత్యమే మిగులుతుంది. ఇక క్యాంప్‌లో ఎంతమంది పోతారంటే, ఒక్కో టీమ్ 90 మందితో మొదలుపెట్టి ఆగస్టు చివరికి 53కి దిగాలి. టీమ్‌లు 32. వెయ్యి మందికి పైచిలుకు ఆ కొద్ది రోజుల్లోనే రోస్టర్ (టీమ్ ఆటగాళ్ల జాబితా) నుంచి పోతారు.

ఒక ఆటగాడి తల్లి కొడుకు కాంట్రాక్టు ప్రింటు తీసుకుని మా ఆఫీసుకొచ్చింది. మొత్తం అంకె కింద పసుపు హైలైటర్‌తో గీత గీసుకుంది. అప్పటికే కొడుకు కోసం ఒక ఇల్లు చూసి, అడ్వాన్సు ఇవ్వడానికి సిద్ధంగా ఉంది. నేనేం ఉపన్యాసం ఇవ్వలేదు. "అమ్మా, ఈ పేజీల్లో గ్యారంటీ అనే మాట ఎక్కడుందో మీరే వెతకండి" అన్నాను. వేలు పెట్టి వరస వరసా చదివింది. ఒక్క చోటే దొరికింది, సైనింగ్ బోనస్ దగ్గర. ఆ బోనస్‌లో, కాంట్రాక్టు కుదిర్చిన ఏజెంటు కమిషను, పన్ను పోగా మిగిలేది ఒక మంచి కారు ఖరీదు. ఆమె చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఆ ఇంటి ఏజెంటుకి అక్కడి నుంచే ఫోన్ చేసి వద్దని చెప్పింది. ఆమెకి ఆ మాట సంతకం పెట్టిన రోజే ఎవరైనా చెప్పి ఉండాల్సింది. చెప్పాల్సిన మనిషి, కొడుకు ఏజెంటు, ఆ రోజు ఆమెతో ఫొటోలు దిగాడు.

పెద్ద పేర్లకీ ఇదే చట్టం. 2009లో డిఫెన్సివ్ టాకిల్ (డిఫెన్స్ ముందు వరస ఆటగాడు) ఆల్బర్ట్ హేన్స్‌వర్త్ వాషింగ్టన్ టీమ్‌తో ఏడేళ్లకి 10 కోట్ల డాలర్ల కాంట్రాక్టు రాసుకున్నాడు. అందరికీ గుర్తున్నది ఆ 10 కోట్లే. గ్యారంటీ అన్నది 4.1 కోట్లు. అక్కడ ఆడింది రెండు సీజన్లు. 2011లో న్యూ ఇంగ్లండ్‌కి పంపేశారు, వాళ్లు సీజన్ మధ్యలోనే వదిలేశారు. మనవాళ్లకి దగ్గరగా అనిపించే ఉదాహరణ కావాలంటే బ్రాండన్ చిల్లర్. తండ్రి భారతీయుడు. 2004 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకోవడం) సెయింట్ లూయిస్ రామ్స్ నాలుగో రౌండులో తీసుకున్న లైన్‌బ్యాకర్, 2008లో గ్రీన్ బే టీమ్‌కి మారాడు. 2009 డిసెంబరులో నాలుగేళ్ల పొడిగింపు రాసిచ్చారు. మరుసటి సీజన్‌లో గాయాలతో ఇంజ్యూర్డ్ రిజర్వ్‌లోకి, అంటే గాయపడినవాళ్ల జాబితాలోకి, వెళ్లాడు. ఆ ఏడే టీమ్ సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచింది. 2011 జులైలో అతన్ని వదిలేశారు. పొడిగింపు కాగితం మీద అప్పటికి ఏళ్లు ఇంకా మిగిలే ఉన్నాయి.

ఒక్క వెసులుబాటు ఉంది, పాత ఆటగాళ్లకి. నాలుగు సీజన్లు పూర్తయినవాడు మొదటి వారం మ్యాచ్ నాటికి 53 మందిలో ఉంటే, తర్వాత తీసేసినా ఆ ఏటి మిగతా జీతం అడగొచ్చు. జీవితంలో ఒక్కసారే. అందుకే కొన్ని టీమ్‌లు అలాంటివాణ్ని మొదటి మ్యాచ్‌కి ముందు తీసేసి, అది అయిపోయాక మళ్లీ పిలుస్తాయి. ఇంట్లోవాళ్లు దాన్ని అవమానంగా తీసుకుని ఏడుస్తారు. అది లెక్క, అంతే. వాడి ఆట మీద తీర్పు కానే కాదు.

అపోహ: దెబ్బ తగిలితే రోడ్డున పడేస్తారు.

ఆటలోనో ప్రాక్టీసులోనో తగిలిన దెబ్బ అయితే ఆ సీజన్‌లో కోలుకునేదాకా టీమ్ డబ్బివ్వాలి, లేదా ఇన్ని వారాలకి ఇంత అని సెటిల్ చేసుకోవాలి. అయితే కింది వరసవాళ్లకి 'స్ప్లిట్' కాంట్రాక్టు ఉంటుంది, గాయపడిన జాబితాలోకి వెళ్తే తక్కువ జీతం. సంతకానికి ముందే ఆ లైను చూసుకోండి.

అపోహ: పన్ను కింద సగం కోసేశారు, ఆ డబ్బు ఇక పోయినట్టే.

పే స్లిప్ చూసి బెంబేలెత్తిపోయేవాళ్లు చాలామంది. వారానికి 44 వేలంటే, పేరోల్ సాఫ్ట్‌వేర్ ఆ మనిషికి ఏడాదికి దాదాపు 23 లక్షల డాలర్లు వస్తాయనుకుని ఆ లెక్కన కోస్తుంది. మూడు వారాలకే ఆట ఆగిపోయినవాడు నిజానికి 24 శాతం శ్లాబులో ఉండొచ్చు. ఎక్కువ కోసిన భాగం రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుంది. టెన్షన్ పడి క్రెడిట్ కార్డులు గీకకండి. తిరిగి రానివి వేరే ఉన్నాయి. ఏజెంటుకిచ్చే మూడు శాతం దాకా కమిషను, ఆఫ్ సీజన్‌లో సొంత ట్రైనర్‌కి పెట్టే ఖర్చు, వీటికి 2018 నుంచి ఫెడరల్ పన్నులో మినహాయింపు లేదు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని మురిసిపోయేవాళ్లకి ఇంకో మాట: కాలిఫోర్నియాకి వెళ్లి ఆడిన రోజులకి కాలిఫోర్నియా వసూలు చేస్తుంది.

అపోహ: టీమ్‌లు మారుతున్నాడంటే సత్తా లేదు.

ఈ మాట అన్నవాళ్లని నేను టెడ్ వాషింగ్టన్ గురించి అడుగుతాను. నోస్ టాకిల్, అంటే డిఫెన్స్ ముందు వరసలో సరిగ్గా మధ్యన నిలబడేవాడు. 1991 నుంచి 2007 దాకా ఏడు టీమ్‌లు: శాన్ ఫ్రాన్సిస్కో, డెన్వర్, బఫలో, షికాగో, న్యూ ఇంగ్లండ్, ఓక్లండ్, క్లీవ్‌లాండ్. నాలుగుసార్లు ప్రో బౌల్ (లీగ్‌లో మేటి ఆటగాళ్ల మ్యాచ్), 2003 సీజన్‌లో న్యూ ఇంగ్లండ్‌తో సూపర్ బౌల్. డిఫెన్స్‌లో కోఆర్డినేటర్ (డిఫెన్స్‌ని నడిపే కోచ్) మారితే పద్ధతే మారిపోతుంది. 3-4లో (ముందు వరసలో ముగ్గురు, వెనక నలుగురు లైన్‌బ్యాకర్లు) మధ్యన గోడలా నిలబడేవాడికి 4-3 (ముందు నలుగురు, వెనక ముగ్గురు) వేసే టీమ్‌లో చోటు ఉండకపోవచ్చు. జేమ్స్ హారిసన్ సంగతి ఇంకా గొప్పది. 2002లో డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, పిట్స్‌బర్గ్ ఒకటికి రెండుసార్లు తీసేసింది, బాల్టిమోర్ కూడా తీసేసింది. 2008లో అతనే లీగ్‌లో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు.

అపోహ: ప్రాక్టీస్ స్క్వాడ్ అంటే అప్రెంటిస్‌షిప్, వెళ్తే పరువు తక్కువ.

ప్రాక్టీస్ స్క్వాడ్ అంటే 53 మంది కాక, టీమ్ ప్రాక్టీసుకి ఉంచుకునే ఆటగాళ్లు. 2024లో అక్కడ కొత్తవాడికి వారానికి 12,500 డాలర్లు, పాతవాళ్లకి ఇంకా ఎక్కువ. పాతవాళ్లు కూడా ఉంటారు. ఒక సీజన్‌లో మూడుసార్ల దాకా మ్యాచ్ రోజుకి పైకి పిలవొచ్చు, ఆ వారానికి పెద్ద జీతమే. వేరే టీమ్ అక్కడి నుంచి తన 53లోకి తీసుకుంటే కనీసం మూడు వారాల జీతం ఇచ్చి తీరాలి.

అపోహ: పెన్షన్ స్టార్లకే.

మూడు క్రెడిటెడ్ సీజన్లు ఉంటే చాలు. ఒక సీజన్ లెక్కలోకి రావాలంటే మూడు మ్యాచ్‌ల పాటు రోస్టర్‌లో ఉండాలి. ఆడకపోయినా, గాయపడిన జాబితాలో ఉన్నా సరే. ఆ మూడు సీజన్లు నిండితే ఆట మానేశాక ఐదేళ్ల ఆరోగ్య బీమా కూడా వస్తుంది. రెండు సీజన్లు అయి, మూడోదాంట్లో రెండు మ్యాచ్‌ల దగ్గర ఆగిపోయినవాడికి ఇంకొక్క వారం ఎంత విలువో ఆలోచించండి. నవంబరులో దూరపు టీమ్ ఏదో ఫోన్ చేస్తే "ఆ చలిలోకి ఎవడు పోతాడు" అనకుండా, ఇప్పటిదాకా ఎన్ని మ్యాచ్‌లు లెక్కలోకి వచ్చాయో ముందు ప్లేయర్స్ యూనియన్‌కి ఫోన్ చేసి కనుక్కోండి.