చవక సౌండుకు మంచిపేరు, చెడ్డపేరు ఎక్కడివి?

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో కొత్తగా సౌండ్ సిస్టం పెట్టుకోవాలనుకునే పిల్లగాడు ముందు ధర అడుగుతాడు. ఆ తర్వాత, "ఈ కంపెనీ మాల్ నిలుస్తదా?" అంటాడు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో చూడ్డానికి ఒకేలా ఉండే రెండు మిక్సర్ల (మైకులు, వాయిద్యాల శబ్దాల్ని కలిపి సరిచేసే పెట్టెల) ధరలకు ఎక్కడా పొంతన ఉండదు. చవకది కొన్నవాణ్ని "డూప్లికేట్ తెచ్చిండు" అని తీసిపారేస్తారు. ఆ మాట అన్నిసార్లూ న్యాయం కాదని, ఈ సామాన్ల కథ తెలిస్తే అర్థమవుతుంది.

మన పల్లెల్లో మైకు సెట్టు అంటే చాలాకాలం అహూజానే. 1940లో మొదలైన ఢిల్లీ కంపెనీ అది. విదేశీ సామానుతో పోలిస్తే ధర అందుబాటులో ఉండేది. కానీ దాని పేరు నిలబడింది ధర వల్ల మాత్రమే కాదు. ఆంప్లిఫయర్ కరెంటుతోనూ నడిచేది, 12 వోల్టుల బండి బ్యాటరీతోనూ నడిచేది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లలో, ఆటో మీద కట్టుకుని తిరిగే ప్రచారాల్లో అంతకంటే ఏం కావాలి? పైగా సౌండును 100 వోల్టులకు పెంచి లైను మీద పంపితే వైర్లో ప్రవహించే కరెంటు తక్కువ, నష్టమూ తక్కువ. అందుకే సన్నటి వైరు లాగి చెర్వుగట్టు, కురుమూర్తి లాంటి జాతరల్లో దూరదూరంగా స్తంభాలకు హారన్లు కట్టగలిగారు.

అన్నిటికీ మించి రిపేరు. హారన్ మూగబోతే దాని యూనిట్ వెనక మూత స్క్రూలు విప్పి, కాలిన డయాఫ్రం (కదిలి శబ్దం పుట్టించే పల్చటి పొర) తీసి కొత్తది కూర్చోబెట్టి బిగిస్తే సరి. పెళ్లి పందిట్లోనే అయిపోయే పని. ఆ హారన్లో పాట తియ్యగా వినిపించేదని ఎవరూ అనలేరు. బేస్ ఉండదు, గొంతు గీసుకుపోయినట్టుంటుంది. అయినా జనం నమ్మారు.

1991కి ముందు దిగుమతి సుంకాల వల్ల విదేశీ ఆంప్లిఫయర్ సామాన్యుడికి అందేది కాదు. ఆ ఖాళీని నింపింది మన రేడియో మెకానిక్కులు. సాన్యో వారి 4440 ఐసీ (ఆంప్లిఫయర్ చిప్పు), ఎస్‌టీకే ఐసీలు, తర్వాతి కాలంలో తోషిబా 5200-1943 ట్రాన్సిస్టర్ జతలు తెచ్చి బోర్డు కట్టి, రేకు డబ్బాలో బిగించి అమ్మారు. దాన్నే అసెంబుల్డ్ సెట్టు అనేవాళ్లు. కంపెనీ పేరు ఉండదు, మెకానిక్ మాటే గ్యారంటీ. వాళ్ల పనితనానికి దక్కాల్సిన గౌరవం ఇప్పటికీ దక్కలేదనే నా బాధ.

చవక సామానుకు నిజంగా మచ్చ తెచ్చింది అట్టపెట్టెల మీది అంకెలు. "1000 వాట్స్ పీఎంపీఓ" అని అచ్చు వేసేవారు. క్షణకాలం దూకే గరిష్ఠ పవర్ అని చెప్పుకునే ఈ పీఎంపీఓకు అందరూ ఒప్పుకున్న కొలత అంటూ ఏదీ లేదు. ఆగకుండా ఎంత పవర్ ఇవ్వగలదో చెప్పేది ఆర్ఎంఎస్. ముప్పై వాట్లు లాగే అడాప్టర్ నుంచి వెయ్యి వాట్ల మోత ఎట్లా వస్తుంది? కొన్నవాడు మోసపోయానని గ్రహించాక, నిజాయితీగా చవకగా చేసినవాణ్ని కూడా నమ్మలేదు.

ప్రపంచ మార్కెట్లో ఇదే కథ బెరింగర్‌ది. ఉలి బెరింగర్ 1989లో జర్మనీలో పెట్టిన సౌండ్ సామాన్ల కంపెనీ. తయారీని చైనాకు మార్చి ధరలు నేలకు దించింది. నకలు కొడుతున్నారంటూ అమెరికాలోని మాకీ కంపెనీ 1997లో కోర్టుకెక్కింది. సర్క్యూట్ బోర్డులకు కాపీరైట్ వర్తించదంటూ సియాటిల్ కోర్టు 1999లో ఆ వాదన తోసిపుచ్చింది. కేసు పోయినా నకలు ముద్ర పోలేదు. 2009 చివర్లో బెరింగర్ మాతృసంస్థ మిక్సర్లకు పేరున్న బ్రిటిష్ కంపెనీ మైడాస్‌ను కొన్నది. 2012లో వచ్చిన బెరింగర్ ఎక్స్32 డిజిటల్ మిక్సర్ మాత్రం, అప్పటిదాకా పెదవి విరిచిన సౌండ్ ఇంజనీర్ల చేత కూడా వేదికల మీద పెట్టించింది.

చవక సామాను రాకపోతే మన జానపదం ఇవాళ ఇంతగా వినిపించేది కాదు. చిన్న పట్నంలో ఒక గదిలో చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకు శబ్దాన్ని కంప్యూటర్‌కు ఎక్కించే డబ్బా), బీఎం-800 లాంటి చవక కండెన్సర్ మైకు పెట్టుకుని పాటలు రికార్డు చేస్తున్నారు. ఇలాంటి మైకుకు 48 వోల్టుల ఫాంటం పవర్, అంటే మైకు వైరులోంచే పంపే కరెంటు, ఇవ్వాలి. అది ఇవ్వకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కు గుచ్చితే గొంతు సన్నగా, బుస్సుమనే చప్పుడుతో వస్తుంది. తప్పు కనెక్షన్‌ది, చెడ్డపేరు మైకుకు.

ఇప్పటి చిక్కు వేరే. కొత్త మిక్సర్లలో విడిభాగాలు బియ్యపు గింజ కంటే చిన్నవి, బోర్డుకే అంటించి ఉంటాయి. ఒక్క చానల్ పోయినా "బోర్డు మొత్తం మార్చాలి" అంటారు. ఆ బోర్డు దొరకకపోతే డబ్బంతా బూడిదే. 2022 డిసెంబర్‌లో కేంద్రం, కంపెనీలు తమ విడిభాగాల, రిపేరు వివరాలు పెట్టే రిపేరు హక్కు పోర్టల్ తెచ్చింది. మొబైళ్లు, ఎలక్ట్రానిక్స్ కూడా దాని పరిధిలోకి వస్తాయి. పండుగల సీజన్‌కు అప్పు తెచ్చి బాక్సులు కొనే కుర్రాళ్లకు నేను చెప్పేది ఇదే: వాట్లు అడగడానికి ముందు బోర్డు, స్పీకర్ కాయిల్, డయాఫ్రం విడిగా అమ్ముతారా, ఎన్నేళ్లపాటు అని అడగండి. ఇచ్చిన జవాబును బిల్లు మీద రాయించుకోండి.