20 రూపాయల మెలకువ

పరీక్షల రోజుల్లో రాత్రి పదింటికి కిరాణా కొట్టు దగ్గర కాసేపు నిలబడి చూడండి. ఇంటర్ చదివే పిల్లవాడు వస్తాడు, 20 రూపాయలిచ్చి ఎనర్జీ డ్రింక్ సీసా పట్టుకెళ్తాడు. కూల్‌డ్రింకే కదా అని ఇంట్లోనూ ఎవరూ అడ్డు చెప్పరు. ఆ సీసాను ఒకసారి వెనక్కి తిప్పితే చీమ తలకాయలంత అక్షరాలు కనిపిస్తాయి: కెఫీన్ ఎక్కువ, పిల్లలకు తగదు, రోజుకు 500 మిల్లీలీటర్లు మించరాదు. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ రాయించిన హెచ్చరిక అది. లీటరుకు 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండవచ్చన్నదీ ఆ సంస్థే. ఆ లెక్కన పావు లీటరు సీసాలో 75 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు.

మనం మేల్కొని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగుపడుతూ ఉంటుంది. అది నాడీకణాల మీది గ్రాహకాల్లో, అంటే కబురు అందుకునే చోట్లలో, కుదురుకునే కొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్‌కు అడినోసిన్ పోలికలున్నాయి. అందుకే ముందుగా వెళ్లి ఆ చోట్లు ఆక్రమించేస్తుంది. అలసట ఒంట్లో ఉన్నట్టే ఉంటుంది, దాని కబురు మాత్రం మెదడుకు చేరదు. పైగా తాగిన కెఫీన్‌లో సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. పదింటికి తాగినవాడి ఒంట్లో తెల్లవారుజామున మూడింటికి ఇంకా సగం మిగిలే ఉంటుంది. నిద్రవేళకు దగ్గరగా తీసుకుంటే, కిలో బరువుకు 1.4 మిల్లీగ్రాములు కూడా నిద్రను చెడగొట్టవచ్చని యూరప్ ఆహార భద్రత సంస్థ 2015లో తేల్చింది. 50 కిలోల పిల్లవాడికి అది 70 మిల్లీగ్రాములు. ఒక్క సీసా చాలు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ తరువాతి సంగతి. గుండె దడ, చేతుల వణుకు, కడుపులో తిప్పడం, ఒకచోట కూర్చోలేకపోవడం కెఫీన్ ఎక్కువైనప్పుడు కనిపించే లక్షణాలు. భయం పట్టుకున్నప్పుడూ ఇవే కనిపిస్తాయి. పదహారేళ్ల పిల్లకు ఆ తేడా ఎలా తెలుస్తుంది? తనకు పరీక్ష భయం పట్టుకుందనే అనుకుంటుంది. నిద్ర లేక మర్నాడు తల దిమ్ముగా ఉంటుంది, ఆ దిమ్ము వదలడానికి మరో సీసా తెప్పించుకుంటుంది.

బ్రిటన్ పరిశోధకులు 57 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2024లో ఒక సమీక్ష ప్రచురించారు. 21కి పైగా దేశాల్లోని 12 లక్షల మందికి మించిన పిల్లలు, యువకుల సమాచారం అందులో ఉంది. ఈ పానీయాలు తాగేవారిలో ఆందోళన, ఒత్తిడి, కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. తాగడం వల్లే ఇవి వచ్చాయని దీనితో రుజువు కాదు. దిగులుతో రాత్రంతా నిద్ర పట్టని పిల్లలే పగలు కళ్లు తెరిచి ఉంచడానికి వీటిని ఆశ్రయిస్తూ ఉండవచ్చు. నా ఉద్దేశంలో రెండూ నిజమే, రెంటికీ నడుమ నలిగిపోతున్నది నిద్ర.

18 ఏళ్లు నిండనివారికి వీటిని అమ్మకూడదని లిథువేనియా 2014లోనే చట్టం చేసింది. పోలండ్‌లో 2024 జనవరి 1 నుంచి ఆ నిషేధం అమల్లో ఉంది. మనం అంతదూరం వెళ్లేలోగా, సీసా వెనక దాగిన ఆ హెచ్చరికనైనా ముందువైపుకు తెచ్చి, తెలుగులో, కొట్టు దీపం వెలుగులో చదవగలిగేంత పెద్దగా అచ్చువేయించాలి.