ఒకటి, రెండు తరగతుల్లో ఆటలతో చదువు: అపోహలు – వాస్తవాలు

పిల్లలు నవ్వారు, కేకలేశారు, గంట కొట్టినా లేవం అన్నారు. ఆట బాగుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. చదువు జరిగిందా అన్నది మాత్రం వేరే లెక్క. ఆట నడిచినంతసేపూ ఒక్కొక్కరి బుర్ర దేనిమీద పనిచేసిందో చూస్తే తప్ప అది తేలదు.

అపోహ: సరదాగా ఆడితే పాఠం దానంతటదే వస్తుంది.

వాస్తవం: బోర్లించిన కార్డుల్ని రెండేసి తిప్పి జతలు కలిపే ఆటనే తీసుకోండి. రెండు కార్డుల మీదా ‘పడవ’ అనే రాసి ఉంటే, చదవడం రాని పిల్లవాడు కూడా ఆకారం చూసి జత కలిపేస్తాడు. గెలుస్తాడు కూడా! ఒక కార్డు మీద పదం, దాని జత మీద బొమ్మ పెడితే అలా కుదరదు. తిప్పిన ప్రతి పదాన్నీ పైకి చదవాలి, చదవకపోతే జత కుదిరినా కార్డులు దక్కవు. పలక, పడవ, పడగ లాంటి పదాలు కలిపి పెడితే మొదటి అక్షరం చూసి ఊహించే వీలూ ఉండదు. ఆరు జతలు, అంటే 12 కార్డులు చాలు. మరీ ఎక్కువైతే ఏ కార్డు ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడానికే సమయమంతా పోతుంది.

లెక్క చేసి రంగులు వేసే వర్క్‌షీట్లదీ ఇదే తంతు. లెక్కలకు రెండు నిమిషాలు, రంగులకు ఇరవై. అది బొమ్మల పీరియడ్ అనుకుంటే ఏ గొడవా లేదు.

అపోహ: చేతికి పుల్లలో గింజలో ఇస్తే స్థాన విలువ అర్థమైపోతుంది.

వాస్తవం: పుల్లల్లో పదులు, ఒకట్లు ఉండవు. పిల్లలు వాటితో చేసే పనిలో ఉంటాయి. టీచరు ముందే పదేసి పుల్లలు కట్టలు కట్టి తెస్తే పిల్లలకు కట్ట కూడా ఒక వస్తువే. అందుకే మూడు కట్టలు, నాలుగు పుల్లలు చూపిస్తే ‘ఏడు’ అంటారు. కట్టే పని వాళ్లే చేయాలి.

దానికి పనికొచ్చే ఆట ‘ముప్పైకి పరుగు’. ఇద్దరికి కలిపి 70 పుల్లలు, 8 రబ్బరు బ్యాండ్లు, ఒక పాచిక. ఒక్కొక్కరి ముందు మధ్యకు మడిచి విప్పిన కాగితం: ఎడమ సగం పదులకు, కుడి సగం ఒకట్లకు. పాచిక వేసి, పడినన్ని పుల్లలు కుడివైపు పెట్టాలి. పది నిండితే కట్టగట్టి ఎడమకు జరపాలి. తన దగ్గర ఇప్పుడు మొత్తం ఎన్నున్నాయో పైకి చెప్పి నోటుపుస్తకంలో రాశాకే పాచిక అవతలివాళ్లకు ఇవ్వాలి. రాయడం ఆట అయ్యాక చూద్దామని వదిలేస్తే పుల్లలు ఒకచోట, అంకెలు ఒకచోట మిగిలిపోతాయి.

ఎక్కడ తేడా కొడుతుందంటే, కట్టల్లో తొమ్మిదో పదకొండో పడుతుంటాయి. బ్యాండు వేసే హడావిడిలో లెక్క తప్పుతుంది కాబట్టి, వేసే ముందు జోడీ పిల్లవాడు ఒకసారి లెక్కపెట్టాలన్నది ఆట నియమంగా పెట్టండి. రెండో తప్పు, ముప్పై నాలుగును 304 అని రాయడం. ఆ పిల్లవాడు విన్నది విన్నట్టే రాశాడు, ముందు 30, పక్కన 4. దీనికి 30 అని రాసిన కార్డు ఒకటి, అందులో సగం వెడల్పున్న 4 కార్డు ఇంకొకటి ఇవ్వండి. 4ను సున్నా మీద కప్పితే 34 కనిపిస్తుంది, ఎత్తితే దాక్కున్న సున్నా బయటపడుతుంది.

ఇక పుల్లలు చేతికందగానే ఎవరైనా ఇళ్లే కడతారు. మొదటి రోజు మూడు నాలుగు నిమిషాలు కట్టుకోనివ్వండి, లేకపోతే ఆ పని ఆట మధ్యలో చేస్తారు. రంగురంగుల జంతువుల బొమ్మలు లెక్కింపుకు అంత మంచివి కావు. సింహం ఉన్నచోట కూడిక ఎవరికి కావాలి?

అపోహ: ఓడినవాళ్లను తప్పిస్తూ పోతే హుషారు పెరుగుతుంది.

వాస్తవం: ముందు తప్పుకునేది ఎవరు? సాధన అందరికన్నా ఎక్కువ అవసరమైనవాళ్లే. ఇక బోర్డు దగ్గరికి ఒక్కొక్కరినే పిలిచే ఆటలో 30 మంది, 30 నిమిషాలు అనుకుంటే తలా ఒక నిమిషం. మిగతా 29 నిమిషాలు పక్కవాడిని గిల్లడానికే. అదే సమయం జోడీల్లో ఆడితే తలా 15 నిమిషాలు వస్తాయి. తరగతంతా కలిసి ఆడాలనుకుంటే పలకలు తీయించండి. అందరూ జవాబు రాసి బోర్లించాలి, సైగ చేయగానే ఒకేసారి చూపించాలి. చూసి రాయడం తగ్గుతుంది, ఎవరెక్కడ ఆగారో ఒక్క చూపులో తెలుస్తుంది. పోటీ ఉండాల్సిందే అంటే జట్టు నిన్నటి స్కోరుతో పోటీ పెట్టండి.

అపోహ: అంకెలున్న బోర్డు ఆట ఏదైనా ఒకటే.

వాస్తవం: రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి 2008లో ప్రచురించిన పరిశోధనలో, 1 నుంచి 10 వరకు వరసగా గళ్లున్న బోర్డు మీద ఆడిన ప్రీస్కూలు పిల్లలకు సంఖ్యల మీద పట్టు పెరిగింది. అదే ఆటను అంకెలకు బదులు రంగుల గళ్లతో ఆడినవాళ్లలో ఆ మార్పు రాలేదు. గళ్లన్నీ ఒకే కొలతలో, ఎడమ నుంచి కుడికి ఒకే గీతలో ఉండాలి. ఐదో గడిలో ఉన్న పాపకు రెండు పడితే ‘ఒకటి, రెండు’ అనకూడదు, ‘ఆరు, ఏడు’ అంటూ జరపాలి. ఆటలోని కీలకమంతా ఇదే, పెద్దలు తరచూ వదిలేసేదీ ఇదే. వైకుంఠపాళి బోర్డులో ప్రతి వరసకూ దిశ మారుతుంది కాబట్టి ఒకటో తరగతికి దాన్ని కొంతకాలం ఆపడమే మేలు.

అపోహ: గోడల నిండా చార్టులుంటే ఎక్కువ నేర్చుకుంటారు.

వాస్తవం: అన్నా ఫిషర్ బృందం కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కిండర్‌గార్టెన్ పిల్లలతో చేసిన ప్రయోగం 2014లో వెలువడింది. అలంకరణ దట్టంగా ఉన్న గదిలో పిల్లల చూపు పాఠం మీద నుంచి ఎక్కువసేపు పక్కకు పోయింది, నేర్చుకున్నదీ తగ్గింది. గోడలు బోసిగా ఉంచమని కాదు. ఈ వారం పాఠానికి కావాల్సినవి ఉంచి, అయిపోయినవి దించేయండి.

అపోహ: గోల ఉందంటే తరగతి అదుపు తప్పినట్టే.

వాస్తవం: గోలలో ఏ మాటలు వినిపిస్తున్నాయో చూడండి. ‘పది అయ్యాయి, కట్టేయ్’ అన్నది పనికొచ్చే గోల. ‘నా పుల్ల లాక్కున్నాడు’ అన్నది సామాను పంచడంలో వచ్చిన లోపం. ఒక్కో జోడీ సామాను ముందురోజే ఒక సంచిలో కట్టి ఉంచితే అది సగం తగ్గుతుంది. సూచనలు మూడుకు మించకూడదు, వాటినీ చేసి చూపించాలి. అదంతా అయ్యాకే సంచులివ్వాలి, సామాను చేతికొచ్చాక టీచరు మాట ఎవరికీ వినపడదు. చప్పట్లు వినగానే చేతులు ఆపడం కూడా ముందు ఖాళీ చేతులతో రెండు మూడుసార్లు చేయించండి.

అపోహ: ఆటలో బాగా ఆడాడంటే వచ్చేసినట్టే.

వాస్తవం: జోడీలో ఒకరు చేస్తుంటే ఇంకొకరు చూస్తూ గడిపేయొచ్చు. పుల్లలు తీసేశాక చివరి ఐదు నిమిషాల్లో తలా ఒక చీటీ ఇచ్చి, 26ను కట్టలు, పుల్లలతో బొమ్మ గీయమనండి. రెండు కట్టలు, ఆరు పుల్లలు గీసినవాళ్లకు రేపు ‘యాభైకి పరుగు’. రెండు పుల్లలు, పక్కన ఆరు పుల్లలు గీసినవాళ్లను రేపు టీచరు తన దగ్గర కూర్చోబెట్టుకుని, కట్ట విప్పించి మళ్లీ కట్టించాలి.