పాదరసం జాడ చెప్పే బంగారపు నీళ్లు

జపాన్‌లోని మినమాటా తీరంలో ముందు పిల్లులకు పిచ్చెత్తింది. గిరగిరా తిరిగి పడి చచ్చిపోయేవి. తర్వాత మనుషులకూ చేతులు వణకడం, మాట తడబడడం, చూపు మందగించడం మొదలయ్యాయి. 1956 మే 1న ఈ అంతుపట్టని జబ్బు సంగతి అధికారుల దృష్టికి వెళ్లింది. చెప్పింది అక్కడి చిస్సో రసాయనాల ఫ్యాక్టరీ సొంత ఆసుపత్రే. ఆ ఫ్యాక్టరీ వదిలిన వ్యర్థాల్లోని పాదరసం చేపల్లోకి, చేపల నుంచి జాలరి కుటుంబాల్లోకి చేరింది. 1959లోనే కుమమోటో విశ్వవిద్యాలయం పరిశోధకులు పాదరసాన్ని వేలెత్తి చూపించారు. అయినా ఫ్యాక్టరీలో పాదరసం వాడే ఆ తయారీ పద్ధతి 1968 దాకా నడిచింది. ప్రభుత్వం కారణాన్ని ఒప్పుకున్నదీ ఆ ఏడాదే.

నీళ్లలో కరిగిన పాదరసానికి రంగు లేదు, వాసన లేదు. కొలవాలంటే శాంపిల్ ల్యాబ్‌కు పంపాలి, ఖరీదైన యంత్రం కావాలి. అక్కడికక్కడే తేల్చే పరీక్ష కోసం వెతుకులాట అందుకే.

దానికి పనికొచ్చిన సరుకు మాత్రం పాతదే. 1857లోనే లండన్‌లో మైకేల్ ఫారడే బంగారాన్ని అతిసన్నని రేణువులుగా నీళ్లలో తేల్చి, ఎర్రటి ద్రవం చూపించాడు. పదమూడు నానోమీటర్ల (నానోమీటర్ అంటే మీటరులో వందకోట్లో వంతు) రేణువులు విడివిడిగా ఉంటే ఎరుపు, గుంపు కడితే ఊదా. ఒకదానికొకటి దగ్గరైతే అవి పీల్చుకునే కాంతి మారిపోతుంది.

ఇక పాదరసానికే స్పందించేలా చేయాలి. డీఎన్ఏ పోగుల్లోని ‘అక్షరాల్లో’ థైమిన్ అనేది సహజంగా అడెనిన్ అనే మరో అక్షరంతో జతకడుతుంది. రెండు థైమిన్లు ఎదురుపడితే జత కుదరదు, కానీ మధ్యలో పాదరసం అయాన్ (విద్యుదావేశం ఉన్న పరమాణువు) దూరితే గట్టిగా అతుక్కుంటాయి. జపాన్‌కే చెందిన అకిరా ఓనో 2004లో దీని ఆధారంగా సెన్సర్ చేశాడు. 2007లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో చాడ్ మిర్కిన్ బృందం ఒకచోట థైమిన్లు ఎదురుపడి, మిగతాచోట్ల జత కుదిరే డీఎన్ఏ పోగులను బంగారు రేణువులకు తగిలించింది. పోగులు కలుసుకుని రేణువులు గుంపు కట్టాయి. వేడిచేస్తే మామూలు నీళ్లలో పోగులు విడిపోయి ఎరుపు తిరిగొస్తుంది. పాదరసం ఉంటే ఆ వేడికి విడవవు, ఊదా అలాగే నిలుస్తుంది.

చూడముచ్చటైన ఉపాయమే. కాకపోతే లీటరుకు కనీసం సుమారు 20 మైక్రోగ్రాముల పాదరసం ఉంటేనే ఆ పరీక్ష పట్టగలిగింది. మన తాగునీటి ప్రమాణం ప్రకారం 1 మైక్రోగ్రాము మించకూడదు. పైగా మినమాటాను ముంచింది మిథైల్ పాదరసం, అంటే కార్బన్‌తో కలిసిన పాదరసం. ఈ పరీక్ష పట్టేది విడి అయాన్‌ను.